స్టెట్సన్ హ్యాట్ 1865 నాటిదంటున్నారు, నిజమేనా? పాత మగవాళ్ల హ్యాట్ల వయసు కట్టడం గురించి

వెన్నెలబాట
అందరికీ నమస్కారం. పాత వస్తువుల వేలంలో ఒక ఫెల్ట్ హ్యాట్ (వెంట్రుకలను ముద్దకట్టించి చేసే రకం) కొన్నాను. బూడిద రంగు, కాస్త గోధుమ ఛాయ ఉంది. లోపల తోలు పట్టీ మీద బంగారు అక్షరాలతో "జాన్ బి. స్టెట్సన్ కంపెనీ, ఫిలడెల్ఫియా" అని అచ్చు వేసి ఉంది. అమ్మినాయన ఇది 1865 నాటిదని గట్టిగా చెప్పాడు. కంపెనీ పెట్టింది ఆ ఏడాదే అని నేనూ చదివాను. కానీ చేత్తో పట్టుకుని చూస్తే అంత పాతదనిపించడం లేదు. దీని అసలు వయసు తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? హ్యాట్లు సేకరించడం నాకు పూర్తిగా కొత్త.

రిబ్బన్‌ముడి
వెన్నెలబాట గారూ, మీ అనుమానం సరైనదే. 1865 అనేది కంపెనీ వయసు, హ్యాట్ వయసు కాదు. పాత తయారీదారులందరూ తాము పుట్టిన సంవత్సరాన్ని గొప్పగా చెప్పుకున్నవాళ్లే. లండన్‌లో లాక్ వాళ్లు 1676, క్రిస్టీస్ వాళ్లు 1773, అమెరికాలోని డాన్‌బరీలో మాలరీ వాళ్లు 1823, న్యూయార్క్‌లో నాక్స్ వాళ్లు 1838, ఇటలీలోని అలెస్సాండ్రియాలో బోర్సలీనో వాళ్లు 1857. ఈ అంకెలు వందేళ్ల తర్వాత చేసిన హ్యాట్‌లో కూడా దర్జాగా కనిపిస్తాయి. పోటీల్లో వచ్చిన పతకాల సంగతీ అంతే. బోర్సలీనో లైనింగ్ మీద 1900 పారిస్ గ్రాండ్ ప్రీ గుర్తు ఉంటే, అది 1900 తర్వాతిదని మాత్రమే అర్థం. ఎంత తర్వాతిదో ఆ గుర్తు చెప్పదు.

నేను పాటించే పద్ధతి ఒకటే. హ్యాట్ మీద ఉన్న గుర్తులన్నిట్లో అన్నిటికంటే ఆలస్యంగా వాడుకలోకి వచ్చింది ఏదో వెతకాలి. హ్యాట్ అంతకంటే ముందుది కావడానికి వీల్లేదు. తర్వాత, అన్నిటికంటే ముందు వాడుకలోంచి పోయింది ఏదో చూడాలి. ఈ రెంటి మధ్యలోనే దాని పుట్టుక ఉంటుంది.

అసలు సమాచారమంతా తోలు పట్టీ వెనక దాక్కుని ఉంటుంది. స్వెట్‌బ్యాండ్‌ను, అంటే ఆ తోలు పట్టీని, నెమ్మదిగా కిందికి మడిచి చూడండి. సైజు చీటీ, స్టాక్ నంబరు, యూనియన్ లేబుల్ (కార్మిక సంఘం చీటీ) అక్కడే అంటిస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. తోలు ఎండి పెళుసుబారి ఉంటే మడవకండి, గీతలా చిట్లి ఊడిపోతుంది. అలాంటప్పుడు చిన్న టార్చి, పళ్ల డాక్టర్లు వాడే బుల్లి అద్దం దగ్గర పెట్టుకుంటే తోలును అర అంగుళం పక్కకు జరిపి కూడా చదివేయొచ్చు.

వెన్నెలబాట
తోలు మెత్తగానే ఉంది, మడిస్తే ఇబ్బంది పెట్టలేదు. వెనక కనిపించినవి ఇవి. 7 1/4 అని చిన్న సైజు చీటీ. దాని పక్కన ఒక యూనియన్ లేబుల్, అందులో "యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిలినరీ వర్కర్స్" అని ఉంది. లైనింగ్ మీద ఒక దుకాణం పేరు, కింద వీధి పేరు, ఆ కింద "న్యూయార్క్ 17, ఎన్.వై." అని ఉంది. ఇంకో సంగతి, లైనింగ్ మీదే స్టెట్సన్ పేరు పక్కన వలయంలో ఆర్ అక్షరం, అదే రిజిస్టర్డ్ గుర్తు, ఉంది. బ్రిమ్ (హ్యాట్ చుట్టూ బయటికి ఉండే రెక్క) కొలిస్తే రెండుంపావు అంగుళాలు వచ్చింది.

తూకంరాయి
ఇంత సమాచారం ఉంటే పని సగం అయిపోయినట్టే. ఒక్కొక్కటీ చూద్దాం.

యూనియన్ లేబుల్: అమెరికాలో హ్యాట్ కార్మికుల పాత సంఘం పేరు యునైటెడ్ హ్యాటర్స్ ఆఫ్ నార్త్ అమెరికా. 1934లో అది గుడ్డ టోపీల కార్మికుల సంఘంతో కలిసిపోయింది. మీ లేబుల్‌లో ఉన్న పొడవాటి పేరు అలా వచ్చిందే. కాబట్టి 1934కు ముందుది కాదు.

వలయంలో ఆర్: ఈ గుర్తును తెచ్చింది 1946 నాటి అమెరికా ట్రేడ్‌మార్క్ చట్టం, అమలైంది 1947 జులైలో. అంటే కింది హద్దు 1947కి జరిగింది.

న్యూయార్క్ 17: ఊరి పేరు తర్వాత ఇలా ఒకటి రెండు అంకెల జోన్ నంబరు రాసే పద్ధతి అమెరికా పెద్ద నగరాల్లో 1943లో మొదలైంది. 1963లో ఐదంకెల జిప్ కోడ్ వచ్చింది. దుకాణాలు పాత లైనింగ్ నిల్వలను కొన్నాళ్లు వాడుకుని ఉండొచ్చు కానీ, పై హద్దు దాదాపు అక్కడే.

ఫిలడెల్ఫియా అచ్చు: అక్కడి స్టెట్సన్ ఫ్యాక్టరీ 1971లో మూతపడింది. ఆ తర్వాత ఆ పేరు మీద లైసెన్సుతో వేరేవాళ్లు చేశారు, అందుకే తర్వాతి వాటిలో సెయింట్ జోసెఫ్, మిస్సోరీ అనీ, ఇంకా తర్వాత గార్లండ్, టెక్సస్ అనీ కనిపిస్తుంది. జోన్ నంబరే 1963 దగ్గర ఆపేసింది కాబట్టి మీకు ఇది కొత్తగా చెప్పేదేమీ లేదు.

మొత్తం మీద 1947 - 1963 మధ్య. బ్రిమ్ ఇరుకు చూస్తే 1950ల రెండో సగం అని నా అంచనా.

పాతపెట్టె
తూకంరాయి గారి లెక్క బాగుంది, కానీ చివరి వాక్యంతో ఏకీభవించను. బ్రిమ్ వెడల్పును బట్టి సంవత్సరం చెప్పడం ప్రమాదం. 1950ల చివర్లో, 60ల మొదట్లో బ్రిమ్‌లు సన్నబడ్డాయన్నది నిజమే. కానీ ఒకే ఏడాది ఒకే ఫ్యాక్టరీ నుంచి వెడల్పువీ, ఇరుకువీ రెండూ వచ్చేవి. వయసు మళ్లినవాళ్లు తమ యవ్వనంలో పెట్టుకున్న తీరునే అడిగి కొనేవాళ్లు. పైగా దుకాణంలోనే బ్రిమ్ కత్తిరించి ఇచ్చే అలవాటు ఉండేది. తర్వాతి యజమాని ఫ్యాషన్ కోసం కత్తిరించుకున్నవి కూడా బజార్లో బోలెడు తిరుగుతున్నాయి.

తూకంరాయి
అందుకే దాన్ని అంచనా అన్నాను పాతపెట్టె గారూ, హద్దుల్లో కలపలేదు. బ్రిమ్ తర్వాత కత్తిరించారా లేదా అన్నది అంచు చూస్తే తెలుస్తుంది. ఫ్యాక్టరీ అంచుకు మడత కుట్టో, రిబ్బన్ పట్టీయో ఉంటుంది. లేదంటే ఏ వైపు చూసినా ఫెల్ట్ ఒకే సాంద్రతతో ఉంటుంది. తర్వాత కోసిన చోట భూతద్దం పెడితే నూగు తెగి నిటారుగా నిలబడి కనిపిస్తుంది. వెన్నెలబాట గారూ, మీది ఎలా ఉంది?

వెన్నెలబాట
అంచు చుట్టూ సన్నటి రిబ్బన్ పట్టీ కుట్టి ఉంది. హ్యాట్ చుట్టూ ఉన్న రిబ్బన్ రంగే, అది వెలిసినట్టే ఇదీ వెలిసింది.

పాతపెట్టె
అయితే బ్రిమ్ అసలుదే. 1950ల రెండో సగానికి నా అభ్యంతరం లేదు.

రిబ్బన్‌ముడి
ఈ యూనియన్ లేబుళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. పాత యునైటెడ్ హ్యాటర్స్ లేబుల్‌కు నాలుగు వైపులా తపాలా బిళ్లకు ఉన్నట్టు చిల్లుల అంచు ఉంటుంది. ఆ అంచు చూసి కొనండని సంఘమే పత్రికల్లో ప్రకటనలు ఇచ్చేది. దుకాణదారు దగ్గర విడి లేబుళ్లు ఉండి, మీ హ్యాట్‌లో అంటించి ఇస్తానంటే అవి దొంగవని కూడా హెచ్చరించేది. నకిలీ లేబుళ్ల బెడద అప్పటికే ఉందన్నమాట. అవే ప్రకటనల్లో, ఫిలడెల్ఫియాలోని జాన్ బి. స్టెట్సన్ కంపెనీ యూనియన్ లేని సంస్థ అని పేరు పెట్టి మరీ రాసేవాళ్లు. కాబట్టి 1910 ప్రాంతం స్టెట్సన్ అని చెబుతూ, లోపల పాత యునైటెడ్ హ్యాటర్స్ లేబుల్ చూపిస్తే చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆ లేబుల్ ఇంకో హ్యాట్‌లోంచి వచ్చి ఉండొచ్చు.

డాన్‌బరీ హ్యాటర్ల కేసు వినే ఉంటారు. లోవె కంపెనీ హ్యాట్లను కొనొద్దని సంఘం దేశమంతా ప్రచారం చేస్తే, 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఆ బహిష్కరణ గుత్తాధిపత్య నిరోధక చట్టం కిందికి వస్తుందని తేల్చింది. ఆ తర్వాత కార్మికుల ఇళ్ల మీదికి, బ్యాంకు పొదుపుల మీదికి జప్తులు వచ్చాయి. తోలు పట్టీ వెనక కనిపించే ఆ చిన్న కాగితం కోసం జనం అంత పోగొట్టుకున్నారు. అందుకే లేబుల్ సగం ఊడి వేలాడుతున్నా పీకి పారేయొద్దని కొత్తవాళ్లకు పదేపదే చెబుతాను.

ఇదే వరసలో ఇంకో మంచి గుర్తు నీలి గద్ద బొమ్మతో ఉండే ఎన్.ఆర్.ఏ. (నేషనల్ రికవరీ అడ్మినిస్ట్రేషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ) లేబుల్. దాని వెనకున్న చట్టం 1933 జూన్‌లో వచ్చింది, 1935 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అమెరికన్ హ్యాట్‌లో అది దొరికితే రెండేళ్ల తేడాలో వయసు చెప్పేయొచ్చు.

నల్లబౌలర్
నా దగ్గరున్నది ఇంగ్లండ్‌ది, గట్టి బౌలర్ (గుండ్రటి గట్టి ఫెల్ట్ హ్యాట్). తెల్లటి శాటిన్ లైనింగ్ మీద రాజచిహ్నం, దాని కింద "బై అపాయింట్‌మెంట్ టు హిజ్ మెజెస్టీ ద కింగ్" అని, కింద సెయింట్ జేమ్స్ ప్రాంతం అడ్రసు, "లండన్, ఎస్.డబ్ల్యు.1" అని ఉంది. జోన్ నంబరు లెక్క దీనికీ పనిచేస్తుందా?

తూకంరాయి
ఇంకా బాగా పనిచేస్తుంది. లండన్‌ను తపాలా ప్రాంతాలుగా విడగొట్టింది 1857-58లో. అప్పటినుంచి ఉత్త ఎస్.డబ్ల్యు. అని రాసేవాళ్లు. పక్కన అంకె చేర్చింది 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా. కాబట్టి మీ బౌలర్ 1917కు ముందుది కాదు. ఇక రాజు సంగతి. 1901లో విక్టోరియా రాణి పోయిన దగ్గర్నుంచి 1952 ఫిబ్రవరిలో రెండో ఎలిజబెత్ వచ్చేదాకా సింహాసనం మీద వరసగా రాజులే. అంటే 1917 - 1952. రాజు పోయాక కొన్ని దుకాణాలు "లేట్ కింగ్" అని మార్చి రాసుకునేవి. మీదాంట్లో ఆ మాట లేదు.

నల్లబౌలర్
చాలా సంతోషం. విక్టోరియా కాలం నాటిదని చెప్పి ఇచ్చారు నాకు. బౌలర్ పుట్టింది 1849లో కదా, అందుకని నాకూ కుదురుతుందనిపించింది.

పాతపెట్టె
1849లో ఎడ్వర్డ్ కోక్ అనే ఆయన కోసం లాక్ దుకాణం ద్వారా థామస్, విలియం బౌలర్ అనే తయారీదారులు చేసి ఇచ్చిన హ్యాట్ నుంచి ఇప్పటిదాకా ఆ తీరు ఆగకుండా తయారవుతూనే ఉంది. ఆకారం ఎప్పుడు మొదలైందన్నది వయసు కట్టడానికి పెద్దగా సాయపడదు.

నల్లబౌలర్ గారూ, లోపల తోలు పట్టీ వెనక సన్నటి కాగితం ముక్క ఏమైనా ఉందా? వంకరటింకర కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి ఉంటుంది. కన్ఫర్మేటర్ అనే ఫ్రెంచ్ పరికరాన్ని కొనేవాడి తల మీద పెట్టి, తల ఆకారాన్ని చిన్నగా చేసి కాగితం మీద పొడిచి తీసేవాళ్లు. గట్టి హ్యాట్లకు అది తప్పనిసరి, ఎందుకంటే లక్కతో బిగుసుకున్న ఫెల్ట్ తలకు తగ్గట్టు తనంతట తాను సాగదు. ఆ కాగితం మీద కొన్నిసార్లు పేరు, తేదీ పెన్సిల్‌తో రాసి ఉంటాయి. అంతకంటే నమ్మదగ్గ సాక్ష్యం ఇంకేముంది!

చలిమంట
నా ప్రశ్న వేరే. సిల్కు టాప్ హ్యాట్, లోపల స్ప్రింగులు ఉండి చరచగానే చదునైపోయే రకం. మెకానిజం మీద "ఎస్.జి.డి.జి." అని చెక్కి ఉంది. ఇది తయారీదారు పేరా?

పాతపెట్టె
కాదండీ. పేటెంట్ ఇచ్చాం కానీ ప్రభుత్వం దాని పనితనానికి హామీ ఇవ్వదు అని చెప్పే ఫ్రెంచ్ వాక్యానికి పొడి అక్షరాలు. 1844 చట్టంతో వచ్చింది, 1968 దాకా నడిచింది. మీ హ్యాట్ ఫ్రెంచ్ పేటెంట్‌తో చేసిందని తెలుస్తుంది, అంతే. ఈ మడత హ్యాట్లను గిబస్ అంటారు, చేసినాయన పేరు మీద.

అమెరికన్ పేటెంట్ నంబరు ఉంటే మాత్రం అదృష్టమే. 10 లక్షల నంబరు 1911 ఆగస్టులో ఇచ్చారు, 20 లక్షల నంబరు 1935 ఏప్రిల్‌లో. స్వెట్‌బ్యాండ్ మీదో, అట్ట పెట్టె మీదో అంకె కనిపిస్తే ఏ కాలమో చిటికెలో తెలుస్తుంది. అయితే అది పేటెంట్ పుట్టిన తేదీ, ఆ నంబరును ఏళ్ల తరబడి ముద్రిస్తూ పోయేవాళ్లు.

చలిమంట
మరి సిల్కు నిగనిగ తగ్గింది, అక్కడక్కడా నూలు బయటపడింది. కొత్త సిల్కు వేయించవచ్చా?

రిబ్బన్‌ముడి
దయచేసి వద్దు. టాప్ హ్యాట్లకు వాడిన నూగు సిల్కును, అంటే హ్యాటర్స్ ప్లష్‌ను, ఇప్పుడు ఎక్కడా నేయడం లేదు, ఆ మగ్గాలు ఎప్పుడో ఆగిపోయాయి. కొత్తగా దొరికే సిల్కు ఏదైనా వేరే బట్టే. మెత్తటి వెల్వెట్ ముక్కతో, నూగు వాలిన దిశలోనే, ఎడమ నుంచి వెనక్కి చుట్టూ నిమరండి. నూగు ఎటు వాలిందో వేలితో ముట్టుకుంటేనే తెలుస్తుంది. ఒకవైపు జారిపోతుంది, రెండో వైపు పట్టుకుంటుంది.

చలిమంట
ఉతకడం, ఆవిరి పట్టడం?

రిబ్బన్‌ముడి
ఉతకడం అసలు వద్దు. మడత పడని గట్టి సిల్కు హ్యాట్‌కు లోపల ఉండేది లక్క పూసిన పల్చటి గుడ్డ పొరలు. ఆవిరి తగిలితే లక్క మెత్తబడి గోడలు కుంగుతాయి. బౌలర్లకూ ఇదే. మెత్తటి ఫెల్ట్ హ్యాట్‌కైతే కెటిల్ ఆవిరి దూరం నుంచి కాసేపు పట్టి నొక్కులు సరిచేయొచ్చు. అప్పుడు కూడా తోలు పట్టీని బయటికి తీసి ఉంచాలి, తడి వేడికి తోలు కుంచించుకుపోతుంది.

నిర్వాహకులు
మాట ఆవిరి దాకా వచ్చింది కాబట్టి కొత్త సభ్యులందరూ ఇది చదవాలి. పాత ఫెల్ట్ హ్యాట్లలో పాదరసం ఉండొచ్చు. కుందేలు వెంట్రుకలు ఒకదానికొకటి పట్టుకుని ఫెల్ట్‌గా ముద్దకట్టాలంటే వాటి మొనలు గరుకెక్కాలి. అందుకు పాదరసం కలిపిన నైట్రిక్ ఆమ్లం పూసేవాళ్లు. వెంట్రుకల కొసలు క్యారెట్ రంగులోకి తిరిగేవి, అందుకే ఆ పనికి క్యారటింగ్ అని పేరు. ఆ ఆవిర్లు పీల్చిన కార్మికులకు చేతులు వణికేవి, మాట తడబడేది. డాన్‌బరీలో దీన్ని డాన్‌బరీ షేక్స్ అనేవాళ్లు. అమెరికాలో ఈ వాడకం 1941 డిసెంబరులో ఆగింది. యుద్ధం కోసం పేలుడు సామగ్రికి పాదరసం అవసరం పడటం కూడా అందుకు తోడైంది.

కాబట్టి 1941కి ముందు హ్యాట్లు అనిపిస్తే చేతులకు గ్లవ్స్ వేసుకోండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పడకగదిలో మూసిన అల్మరాలో కుప్పగా పెట్టకండి. ఆవిరి పట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, పట్టాల్సి వస్తే గాలి బాగా ఆడే చోటే. మ్యూజియంలవాళ్లు ఇదే జాగ్రత్త తీసుకుంటారు. తలకు పెట్టుకుని తిరగడానికి కొనేవాళ్లు యుద్ధం తర్వాతి హ్యాట్లు చూసుకోవడం మేలు.

వెన్నెలబాట
ఇది చదివాక కాస్త టెన్షన్ పట్టుకుంది కానీ నాది 1947 తర్వాతిదే కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. ఇంకో సందేహం. లైనింగ్, తోలు పట్టీ రెండూ ఎవరైనా మార్చి ఉండొచ్చు కదా? అప్పుడు వాటి మీది గుర్తులన్నీ హ్యాట్‌వి కావు.

తూకంరాయి
చాలా మంచి ప్రశ్న. ఆ రోజుల్లో హ్యాట్ శుభ్రం చేసి, రిబ్బన్, పట్టీ మార్చి కొత్తదానిలా ఇచ్చే దుకాణాలు ఎక్కడపడితే అక్కడ ఉండేవి. అందుకే స్వెట్‌బ్యాండ్ మడిచినప్పుడు చీటీలతో పాటు కుట్టు రంధ్రాలు కూడా చూడాలి. ఫెల్ట్‌లో ఒకే వరస రంధ్రాలు ఉండి, దారం ప్రతి రంధ్రంలోంచీ వెళ్తుంటే పట్టీ అసలుదే. పక్కన ఖాళీ రంధ్రాల వరస ఇంకొకటి కనిపిస్తే మార్చారన్నమాట. చెమట మరకనూ చూడండి. తోలు మీది మరక, దాని వెనకున్న ఫెల్ట్ మీది మరక ఒకే ఎత్తులో, ఒకే ఆకారంలో ఉండాలి. ఫెల్ట్ నల్లగా మాడినట్టుండి తోలు మాత్రం మెరిసిపోతుంటే అది వేరే హ్యాట్ తోలు.

లైనింగ్ అంత నమ్మకమైంది కాదు. చాలా వాటిలో నాలుగు కుట్లు విప్పితే ఊడివస్తుంది. మామూలు హ్యాట్‌లో పేరున్న కంపెనీ లైనింగ్ వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. తోలు మీద ఒక పేరు, లైనింగ్ మీద ఇంకో పేరు ఉంటే మాత్రం వెంటనే మోసం అనుకోవద్దు. ఒకటి తయారీదారుది, ఇంకొకటి దుకాణానిది కావచ్చు, మీ హ్యాట్‌లోలాగే. దుకాణం పేరు దొరికితే ఆ నగరం పాత డైరెక్టరీల్లో అది ఏ వీధిలో ఏ ఏళ్లలో ఉందో వెతకండి. దుకాణాలు తరచూ చోటు మారేవి, ఆ మార్పులతో వయసు ఇంకా బిగించొచ్చు.

వెన్నెలబాట
చూశాను. ఒకే వరస రంధ్రాలు. మరక కూడా సరిపోయింది, నుదుటి దగ్గర చంద్రవంకలా రెండింటి మీదా ఉంది. దుకాణం కోసం డైరెక్టరీలు వెతకడం మొదలుపెడతాను.

చలిమంట
పేర్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నాక్స్, డన్‌లాప్, డాబ్స్, కావనా... ఇవన్నీ వేర్వేరు కంపెనీలా? నాణ్యత చూస్తే ఒకేలా ఉన్నాయి.

పాతపెట్టె
మొదట వేర్వేరే. నాక్స్, డన్‌లాప్ 1918లో కలిశాయి. 1932లో ఆ రెండూ, కావనా, డాబ్స్ వర్గంతో కలిసి హ్యాట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అయ్యాయి. పేర్లు మాత్రం విడివిడిగానే అమ్ముడయ్యాయి. అందుకే 1932 తర్వాతివి పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. స్టెట్సన్ 1946లో మాలరీని కొన్నాక కూడా మాలరీ పేరు అలాగే సాగింది. కుట్టు ఒక్కటి కూడా కనబడకుండా ఫెల్ట్‌తోనే మూసిన బ్రిమ్ అంచు కనిపిస్తే దాన్ని కావనా ఎడ్జ్ అంటారు. చేత్తో తడిమితే ఎక్కడ మడిచారో దొరకదు. నా మటుకు అమెరికన్ హ్యాట్లలో అంతకంటే అందమైన పనితనం లేదు.

నల్లబౌలర్
సైజును బట్టి దేశం చెప్పొచ్చని ఎక్కడో చదివాను.

తూకంరాయి
కొంతవరకు చెప్పొచ్చు. అదే తలకు అమెరికన్ సైజు 7 1/4 అయితే ఇంగ్లిష్ సైజు 7 1/8, ఐరోపాలో 58 సెంటీమీటర్లు. టేపుతో లోపలి చుట్టుకొలత కొలవండి. 58 వచ్చి చీటీ మీద 7 1/8 ఉంటే అది ఇంగ్లిష్ కొలత. తోలు కుంచించుకుని ఉంటే కొలత తగ్గుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

నల్లబౌలర్
కాగితం దొరికింది పాతపెట్టె గారూ! పట్టీ వెనక కాదు, లైనింగ్ కొసన ఉన్న చిన్న సందులో, నాలుగు మడతలు పెట్టి ఉంది. మీరు చెప్పిన ఆకారమే, అంచు చుట్టూ సూదిపోట్లు. పెన్సిల్‌తో ఇంటిపేరు, దాని కింద 3-11-26 అని ఉంది.

పాతపెట్టె
1926 నవంబరు 3. ఇంగ్లండ్‌లో రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. 1917 - 1952 హద్దుల్లో చక్కగా కూర్చుంది. అయితే ఆ కాగితం ఈ హ్యాట్‌దేనా అన్నది కూడా చూడాలి. కాగితం ఆకారం తలకంటే బాగా చిన్నగా ఉంటుంది కానీ వంకరలు అవే. హ్యాట్‌ను తిరగేసి పైనుంచి ఫొటో తీసి, పక్కన కాగితం ఫొటో పెట్టండి. ఎడమ కణత దగ్గర ఉబ్బు రెంటిలో ఒకే చోట ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఇంటిపేరు మాత్రం ఇక్కడ పెట్టకండి.